పద్యం ఎవరితో

రాయలసీమ పల్లెల్లో పద్యనాటకం ఆడేటప్పుడు వేదిక మధ్యలో, పైనుంచి ఒక మైకు వేలాడుతూ ఉంటుంది. హరిశ్చంద్రుడైనా, దుర్యోధనుడైనా, పద్యం వచ్చిందంటే ఆ మైకు కిందికి రావలసిందే. అప్పటిదాకా చంద్రమతితో మాట్లాడుతున్నవాడు ఆమెను అక్కడే వదిలేసి రెండడుగులు ముందుకు వస్తాడు. హార్మోనియం శ్రుతి అందుకుని, చెయ్యెత్తి, జనం వైపు తిరిగి పద్యం ఎత్తుకుంటాడు. రాగం సాగినంతసేపూ చంద్రమతి వెనక ఊరికే నిలబడి ఉంటుంది. ఈలలు పడతాయి, వన్స్‌మోర్లు పడతాయి. పద్యం అయ్యాక ఆయన వెనక్కి వెళ్లి, వదిలేసిన చోటి నుంచి మళ్లీ మాట కలుపుతాడు.

నేను పెరిగిన నాటకం ఇది. నాకు ప్రాణమైన నాటకం కూడా. తెల్లారేదాకా చలికి దుప్పటి కప్పుకుని కూర్చుని పద్యం కోసం ఎదురుచూసే జనం ఇంకా ఉన్నారంటే, అది ఆ రాగం పుణ్యమే. కానీ వేషం కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. కాటి సీనులో ఆ పద్యాన్ని హరిశ్చంద్రుడు ఎవరితో చెబుతున్నాడు? భార్యతోనా, కాలుతున్న శవంతోనా, తనతోనా, మాతోనా? హిందూపురం దగ్గర నటుల కోసం ఒక శిబిరం నడుస్తోందని, పద్యనాటకం వాళ్లను కూడా రమ్మంటున్నారని తెలిసినప్పుడు ఈ ప్రశ్న మూటగట్టుకునే బయల్దేరాను.

కర్నూల్లో రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి ధర్మవరం జంక్షన్ దాటింది. అక్కడి నుంచి దక్షిణానికి ఎర్రమట్టి, గుండ్రాళ్ల గుట్టలు, చెనిక్కాయ చేలు. పెనుకొండ కొండ కిటికీలో చాలాసేపు మనతోనే వస్తుంది. హిందూపురంలో దిగితే బెల్లం మండీ, చింతపండు బస్తాలు, సగం తెలుగు సగం కన్నడం మాట్లాడే ఆటోవాళ్లు. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్.టి.రామారావును శాసనసభకు పంపిన ఊరిది. టీ కొట్టు దగ్గర దుర్యోధనుడి డైలాగు అప్పజెప్పమంటే తడుముకోకుండా చెప్పేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు.

శిబిరం ఊరి బయట ఒక పాత కల్యాణమండపంలో. వచ్చినవాళ్లలో సగంమంది నాలాంటి పద్యనాటకం వాళ్లు, మిగతావాళ్లు పరిషత్తు నాటికలు ఆడే పట్నం నటులు. మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన హరిశ్చంద్ర వేషానికి ఆ చుట్టుపక్కల పేరుమోసినవాడు. ధర్మవరంలో మగ్గం మీద పనిచేసే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి అందరికన్నా చిన్నది. శిబిరం నడిపిన దర్శకుడు కన్నడ రంగస్థలం మీద చాలాకాలం పనిచేసినవాడు. మొదటి రోజే ఆయన ఒక మాట స్పష్టంగా చెప్పాడు: పద్యాన్ని మానిపించడానికి తాను రాలేదని. బి.వి.కారంత్ పేరు ఎత్తాడు. చిన్నతనంలో గుబ్బి వీరణ్ణ కంపెనీలో పెరిగిన కారంత్ తర్వాత కాలంలో మన సురభి నాటక కుటుంబాలతో కలిసి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించాడు. 1885 నుంచి పాటతో, పద్యంతో, తెరలతో బతికిన సురభి ఆ పాటను వదలకుండానే కొత్త నాటకం ఆడింది. గుబ్బి హిందూపురానికి పక్క జిల్లాలోనే ఉంది. ఆ గాలి ఇక్కడికి కొత్తేమీ కాదు.

మొదట్లో మాట అన్నదే లేదు. తెల్లవారుజామునే లేచి నడక, ఊపిరి, మళ్లీ నడక. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూసుకోవాలి. పద్యనాటకం వాళ్లకు ఊపిరి ఉంది, కొదవ లేదు. అయితే అది ఎంతసేపు నిలబడుతుందన్నదే మా లెక్క. అవతలి మనిషి మాట విన్నప్పుడు ఆ ఊపిరి ఎలా మారుతుందో ఎవరం పట్టించుకోలేదు. ఎదురుబొదురుగా కూర్చోబెట్టి, అవతలివాళ్ల ఊపిరికి మన ఊపిరి కలపమన్నాడు దర్శకుడు. చిన్నపనిలా అనిపిస్తుంది. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి తినేవేళకు ఒళ్లంతా నలిగిపోయి ఉండేది.

తర్వాత ఒక నియమం వచ్చింది. ఇద్దరు నటులు. ఒకరు పద్యం చెప్పాలి, రెండోవాళ్లు వినాలి. ఆ పద్యం తనతో చెప్పడం లేదని ఏ క్షణంలో అనిపించినా, వినేవాళ్లు లేచి వెళ్లిపోవచ్చు. అంతే.

మడకశిర పెద్దాయన హరిశ్చంద్రుడు, మగ్గాల అమ్మాయి చంద్రమతి. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆ గొంతు ఎంత గొప్పదంటే, మండపం దూలాలు పలికాయి. మొదటి పాదం పూర్తికాకముందే ఆ అమ్మాయి లేచి గోడ దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ వెళ్లిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు. "తాతా, నీ గొంతంటే నాకు చాలా ఇష్టం. కానీ నువ్వు నన్ను చూడలేదు కదా" అంది. పెద్దాయన చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నేండ్లలో ఎవరూ అడగలే పాపా, చూడమని" అన్నాడు. ఆ సాయంత్రం ఆయనతో ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు. అది బాధపడే బాధ కాదు, పనిచేసే బాధ. దాని దారిన దాన్ని వదిలెయ్యాలి.

మర్నాడు మమ్మల్ని లేపాక్షి తీసుకెళ్లారు. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. లేపాక్షి అనగానే ఏకశిలా నంది, నేలకు పూర్తిగా ఆనని స్తంభం గుర్తుకొస్తాయి. యాత్రికులు ఆ స్తంభం కింద గుడ్డ దూర్చి లాగి ముచ్చటపడతారు. మాకు పని ఉన్నది నాట్యమంటపంలో. అచ్యుతరాయల కాలంలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ ఈ గుడి కట్టించాడు. మంటపం మధ్య స్తంభాల మీద ఒక నాట్యం జరుగుతోంది. రంభ ఆడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడు ఉన్నాడు, నటరాజు ఉన్నాడు. నాట్యాచార్యుడుగా మూడు కాళ్ల భృంగి. శివుడికి తప్ప మరెవరికీ మొక్కనని పంతం పట్టిన భృంగి ఒంట్లోని సత్తువంతా పార్వతి లాగేస్తే, నిలబడటానికి శివుడు మూడో కాలు ఇచ్చాడన్నది కథ. నిలబడటమే కష్టమైన మనిషిని నాట్యం నేర్పేవాడిగా చెక్కిన శిల్పి మీద నాకు గౌరవం పెరిగింది. ఆటలో మొదటి పాఠం నిలబడటమే కదా.

దర్శకుడు ఏమీ వివరించలేదు. ఒక్కో స్తంభం దగ్గర ఒక్కొక్కరిని నిలబెట్టి, ఆ బొమ్మ ఎవరి కోసం వాయిస్తోందో, ఎవరి కోసం ఆడుతోందో చూసి రమ్మన్నాడు. బ్రహ్మ మద్దెల దగ్గర నేను చాలాసేపు నిలుచున్నాను. వేర్వేరు స్తంభాల మీద, మధ్యలో ఇంత ఖాళీ ఉన్నా, వాళ్లంతా ఒకే ఆటలో ఉన్నారు. మద్దెల రంభ అడుగుకోసం మోగుతోంది, ఆమె అడుగు మద్దెల వింటోంది. నడుమ నిలబడి పైకి చూస్తే కప్పులో విచ్చుకున్న రాతి తామర. చూసేవాళ్ల వైపు తిరిగి దండం పెట్టే బొమ్మ ఆ మధ్యలో నాకు కనబడలేదు. అయినా అయిదు వందల ఏళ్ల నుంచి జనం వచ్చి చూస్తూనే ఉన్నారు.

అక్కడే పడమటి గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని రాజు కోపించాడని తెలిసి, శిక్షకు ముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని స్థలపురాణం. చరిత్ర దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది వేరే మాట. నటుడికి ఇది పనికొచ్చే కథ. కల్యాణమంటపం ఇప్పటికీ అసంపూర్తిగా కప్పు లేకుండా ఉంది. ఆ స్తంభాల మధ్య మాకు పెట్టిన పని: కళ్లు పోయిన విరూపణ్ణ ఇంటికి వెళ్లి భార్యతో మొదటి మాట మాట్లాడాలి. కంటికి చెయ్యి తగలకూడదు, ఏడవకూడదు. పట్నం నుంచి వచ్చిన ఒక నటి భార్య పాత్రలో, మొగుడి కాలి చప్పుడులో తేడా విని వంటపని ఆపేసింది. ఆపడమే ఆమె చేసింది. మాట అవసరం పడలేదు.

లతామంటపం స్తంభాల మీద ఉన్న తీగలు, హంసలు, పువ్వుల వరసలు చూసి మగ్గాల అమ్మాయి అక్కడినుంచి కదల్లేదు. ధర్మవరం పట్టుచీరల అంచుల్లోకి ఆ నమూనాలు వెళ్లాయి. "ఈ అంచు మా నాయన వేస్తాడు" అని ఒక స్తంభం మీద వేలు పెట్టి చూపించింది. రాయి మీద నుంచి పట్టు మీదకు, తండ్రి చేతుల మీదుగా తనదాకా వచ్చినదాన్ని తాకుతున్న ఆ పిల్ల ముఖాన్ని మాలో ఎవరూ నటించి చూపించలేరు.

పెనుకొండలో ఉన్నది ఒక్క పగలే. కానీ శిబిరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చిన పగలు అదే. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం ఓడి అళియ రామరాయలు హతమయ్యాక, తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయల్నీ, ఏనుగుల మీద ఖజానానూ వెంటబెట్టుకుని చేరింది ఈ కొండకే. కోట గోడలు ఇళ్ల మధ్య నుంచి పోతుంటాయి. గగన్‌మహల్ గోపురం హిందూ, ముస్లిం పనితనాలు రెండూ కలిసిన కట్టడం. బాబయ్య దర్గాకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. తళ్లికోట యుద్ధం మీదే కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర' రాశారు. అందులో పఠాన్ రుస్తుం వేషంతో బళ్లారి రాఘవ ప్రేక్షకుల్ని ఊపేశాడు. ఆ నాటకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది కూడా. పుట్టపర్తి నారాయణాచార్యులు పెరిగిన ఊరిది. ఇంకా చిన్న పిల్లవాడుగా ఈ శిథిలాల మధ్య తిరిగి 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశాడు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన పుస్తకమే పాఠ్యంగా ఎదురైంది. ఈ గోడల దగ్గర నిలబడితే అతనికి ఆ వయసులో మాట ఎందుకు పొంగిందో తెలుస్తుంది.

మహామంత్రి తిమ్మరుసును బంధించిన చోటని ఇక్కడ ఒక కట్టడం చూపిస్తారు. కృష్ణరాయలు కొడుకు చావుకు కారకుడని నమ్మి ఆయన కళ్లు తీయించాడని జనం చెప్పుకుంటారు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలో గుమ్మడి ముఖం మన తరాలకు తిమ్మరుసు ముఖమైపోయింది. దర్శకుడు ఆ ముఖాన్ని మరిచిపొమ్మన్నాడు. కోటగోడ నీడలో కూర్చోబెట్టి కళ్లకు గంతలు కట్టాడు. నువ్వు తిమ్మరుసువి, రాజు లోపలికి వచ్చాడు, ఒక్క మాట కూడా మాట్లాడడు, నువ్వు మాట్లాడు.

గంతలు కట్టుకున్న మనిషికి ప్రేక్షకులు ఉండరు. ఎటు తిరిగి చెప్పాలో తెలియదు. అవతలి మనిషి ఎక్కడున్నాడో చెవితో వెతుక్కోవాలి, వెతుక్కున్నాక ఆ చోటికే మాట వేయాలి. నా ఎదుట రాజుగా నిలబడ్డది మడకశిర పెద్దాయన. ఆయన చెప్పు చప్పుడు కుడివైపు వినబడింది, ఆగింది. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన పిల్లవాడి అడుగు అది. ఎప్పుడో నేర్చుకుని, వందలమంది ఎదుట పాడిన పద్యం ఒకటి నోట్లోకి వచ్చింది. రాగం లేకుండా వచ్చింది. మూడో పాదంలో ఒక చోట మాట బరువు మోయలేక గొంతు దానంతట అదే సాగింది. రాగం పుట్టేది అక్కడా అని ఒళ్లు జలదరించింది. అది నేను పెట్టిన రాగం కాదు. గంతలు విప్పేసరికి పెద్దాయన నా ఎదుట నేల మీద కూర్చుని ఉన్నాడు.

తర్వాత ఆయన, మగ్గాల అమ్మాయి మళ్లీ కాటి సీను ఎత్తుకున్నారు. ఆమె లేచి వెళ్లలేదు. చివరికి ఆయనే చెప్పలేక ఆపేశాడు. ఇలా చెబితే నాటకం తెల్లారేదాకా నడపడం తన వల్ల కాదన్నాడు. ఆ మాట తేలిగ్గా తీసెయ్యవలసింది కాదు. పద్యనాటకం నటుడు రాత్రంతా ఆడాలి. రాగం అతన్ని నిలబెట్టే ఊతకర్ర కూడా. ప్రతి పద్యానికీ గుండె కోసి ఇవ్వమని బోధించే నటనశాస్త్రం మా పల్లె నటుడి ఒంటిని చూడలేదు. దర్శకుడి దగ్గర దీనికి జవాబు దొరకలేదు. జవాబు నిమ్మలకుంటలో కనబడింది.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలో చిన్న ఊరు. తోలుబొమ్మలాట కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. ఇంట్లో మరాఠీకి దగ్గరి మాట, ఆటలో తెలుగు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాకిళ్లలో మేకతోలు చట్రాలకు బిగించి ఆరేసి ఉంది. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెడితే వెలుతురు దూరే పల్చని రేకులాగా అవుతుంది. దాని మీద గీత గీసి, చిన్న ఉలులతో చుక్క చుక్కగా పొడిచి నగలు, అంచులు తీస్తారు. ఆ చిల్లుల్లోంచి దీపం కాంతి వచ్చినప్పుడు అవి మెరుస్తాయి. రంగులు వేసి, చేతులూ భుజాలూ దారంతో అతికి, నడుమ వెదురుబద్ద కడతారు. ఇప్పుడు లాంతరు దీపాలకూ గోడబొమ్మలకూ గిరాకీ ఎక్కువ. రాత్రంతా ఆట కట్టించే ఊళ్లు తగ్గిపోయాయి. ఆ చేతులకు ఆట ఆడే అవకాశం తగ్గడం మనందరి నష్టం.

ఆ రాత్రి మా కోసం ఒక కుటుంబం తెర కట్టింది. మమ్మల్ని తెర ముందు కాదు, వెనక కూర్చోబెట్టారు. లంకలో హనుమంతుడి ఘట్టం. మనిషెత్తు బొమ్మ పట్టుకున్న పెద్దాయన కాళ్లకు గజ్జెలు, అరికాళ్ల కింద చెక్కపలకలు. యుద్ధం వచ్చినప్పుడు ఆ పలకల్ని తొక్కితే నేల అదురుతుంది. పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు. ఆయన పాడుతున్నాడు, బొమ్మ ఆడిస్తున్నాడు, తొక్కుతున్నాడు. ఎదుట రావణుడి బొమ్మ పట్టుకున్న కొడుకు బదులు చెబుతున్నాడు. సీత మాట ఆ ఇంటి ఇల్లాలిది. వాళ్లకు జనం కనబడరు. తెల్లగుడ్డ అడ్డం ఉంది. ఆయన చూపు బొమ్మ మీద, బొమ్మ మీదుగా అవతలి బొమ్మ మీద. పాటంతా అటే పోతోంది. గొంతు తారస్థాయిలో ఉంది, రాగం నిండుగా ఉంది, అయినా ఒక్క అక్షరం కూడా రావణుణ్ని దాటి బయటికి పోవడం లేదు. జనానికి చేరేది నీడ. ఆ నీడతోనే జనం ఊగిపోతారు.

ఆట అయ్యాక ఒంటి మీద చెమట తుడుచుకుంటున్న ఆయన్ని మడకశిర పెద్దాయన అడిగాడు: "రాత్రంతా ఇట్ల ఎట్ల పాడతావు సామీ?" ఆయన బొమ్మను జాగ్రత్తగా బుట్టలో పరుస్తూ, "నేను యాడ మోస్తాండా? బొమ్మ మోస్తాది. బొమ్మకు కోపమొస్తే నాకు గొంతొస్తాది" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు పక్కపక్కన కూర్చున్నారు. చెనిక్కాయలు, బొరుగులు పళ్లెంలో పెట్టారు.

చివరి ప్రదర్శన ధర్మవరంలో, నేతగాళ్లు ఉండే ఒక వీధిలో. మగ్గాల చప్పుడు ఆగాక మొదలుపెట్టాలని ఒప్పందం. ఈ ఊరి నటులకు చెప్పుకోవడానికి ఒక పెద్ద పేరుంది: ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో ఇక్కడ పుట్టి, బళ్లారిలో వకీలు అయి, 1886లో సరసవినోదినీ సభ పెట్టి, మరుసటి ఏడు 'చిత్రనళీయం' ఆడించాడు. విషాదాంతంగా 'విషాద సారంగధర' రాశాడు. తెలుగు నాటకంలోకి పద్యాల్ని, పాటల్ని నిండుగా తెచ్చినవాడు ఆయనే. ఆయన మేనల్లుడే తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ. మేనమామ తెచ్చిన రాగాన్ని మేనల్లుడు తగ్గించి భావానికి చోటిచ్చాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టి చదువుకున్న ఆడపిల్లల్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. 1927లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశాడు. వీళ్లిద్దర్లో ఎవరి పక్షమని మమ్మల్ని అడుగుతుంటారు. ఒకే ఇంట్లో నడిచిన ఆ వాదం తీరిపోకుండా ఉండటమే మన నాటకానికి మంచిదని నా నమ్మకం. మామ లేకపోతే మనకు పద్యం లేదు; మేనల్లుడు లేకపోతే ఆ పద్యం చెప్పే మనిషి లేడు.

మడకశిర పెద్దాయన, ఆ అమ్మాయి కాటి సీను ఆడారు. వీధి దీపం వెలుతురు, రెండు పక్కలా జనం. ఆయన ఆమెనే చూస్తూ మొదలుపెట్టాడు. రెండు పద్యాలు దాదాపు మాటలాగా వచ్చాయి. మూడోది పూర్తి రాగంతో, పాత గొంతు మొత్తంతో వచ్చింది. ముఖం మాత్రం ఆమె వైపే ఉంది. ఈలలు పడలేదు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి అరుగు మీద కూర్చున్న ఒకాయన, కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న పక్కింటామెకు జరిగి చోటిచ్చాడు.

అందరూ మెచ్చుకోలేదు. ఒక ముసలమ్మ పెద్దాయన చెయ్యి పట్టుకుని, "బాగా చెప్తివి నాయనా. అయితే ఆ మొదటి రెండు పద్యాలు కూడా పాడింటే బాగుండు. పాట కోసమే కదా వస్తిమి" అంది. పట్నం నటులకు ఆ మాట నచ్చలేదు. నాకు ఆమె అడిగింది న్యాయమనిపించింది. రాగం ఆమె హక్కు. బొమ్మలాట పెద్దాయన ఇస్తున్నట్టు, నిండు రాగం ఇస్తూనే అవతలి మనిషిని వదలకుండా ఉండటం మేం నేర్చుకోవలసి ఉంది. అది ఒక శిబిరంలో వచ్చేది కాదు.

స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు పెద్దాయన రాబోయే జాతర నాటకం గురించి మాట్లాడాడు. రాయబారం సీను, దుర్యోధనుడు ఆయన, కృష్ణుడికి నన్ను రమ్మంటున్నాడు. మొదటి రిహార్సళ్లు హార్మోనియం లేకుండా చేద్దామని ఆయన పట్టు.

"ఒకరినొకరు చూసుకునేది అలవాటయినాంక పెట్టె తెచ్చుకుందాం. ఏమంటావు అబ్బాయ్?"

"హార్మోనిస్టు ఒప్పుకుంటాడా పెద్దాయనా?"

"ఆయన్ని కూడా కూర్చోబెడదాం. పెట్టె పక్కన పెట్టి, ఊరికే మనం చెప్పేది వినమందాం. నలభై ఏండ్ల నుంచి నా శ్రుతి మోసినాడు, ఒక్కనాడన్నా నేను చెప్పేది వినే తీరిక ఆయనకు యాడిస్తిమి?"